వైకల్యం కనిపించినా, కనిపించకపోయినా: పక్కనున్నవాళ్ళు ఎలా మసలుకోవాలి

వీల్‌చెయిర్లో ఉన్న మనిషిని చూడగానే "అయ్యో పాపం" అనేస్తాం, చూడ్డానికి మామూలుగా ఉన్న మనిషి "నేను నిలబడలేను, కాస్త కూర్చుంటా" అంటే "నీకేం, గుండ్రాయిలా ఉన్నావుగా" అనేస్తాం. రెండూ వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ నాకైతే రెండూ ఒకటే, ఎదుటి మనిషి నోటితో చెప్పేదాన్ని వదిలేసి మన కంటికి ఏది కనపడితే దాన్నే నమ్మేయడం. కింద రాసేదంతా ఈ ఒక్క అలవాటు మార్చుకోవడం గురించే, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం దాదాపు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఏదో ఒకటి ఉంది. మరి బయటికెళ్తే ప్రతి ఆరుగురిలో ఒకరు మీకు కనపడుతున్నారా? కొంతమందేమో మెట్లు, బస్సుల పుణ్యమా అని అసలు ఇంట్లోంచే బయటికి రాలేరు, మిగతావాళ్ళు మీ పక్కనే ఉంటారు, మీకు తెలీదంతే. మూర్ఛ, డిప్రెషన్, టైప్ 1 డయాబెటిస్, క్రోన్స్ (పేగుల జబ్బు), మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల జబ్బు), ఆటిజం, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), వినికిడి లోపం, ఏళ్ళ తరబడి వదలని నొప్పి, ఇవేవీ మొహం మీద రాసుండవు కదా. పైగా నీలం బోర్డు మీద తెల్ల వీల్‌చెయిర్ గుర్తు చూసీ చూసీ వైకల్యం అంటే అదే అని మైండ్‌లో పడిపోయింది. ఆ గుర్తు 1968లో సుసాన్ కోఫెడ్ అనే డెన్మార్క్ డిజైన్ స్టూడెంట్ గీసింది, మొదట్లో దానికి తలకాయ కూడా లేదు, ఉత్త కుర్చీయే, తల తర్వాత పెట్టారు. (చాలామంది ఇప్పటికీ ఆ మొదటి బొమ్మనే చూస్తున్నారని మా అక్క జోకు.)

అక్క అన్నాను కదా, తను వీల్‌చెయిర్ వాడుతుంది. నాకేమో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళ జబ్బు, పొద్దున లేచాక గంట పైనే వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు, జబ్బు ఎగదన్నిన రోజుల్లో ఎక్కువసేపు నిలబడితే మోకాళ్ళు మంటలే, కానీ చూసేవాళ్ళకి నేను నిక్షేపంలా ఉంటాను. ఒకసారి అక్కకి ఏదో కాగితం పనుంటే ఒక ఆఫీసుకి కలిసి వెళ్ళాం, కౌంటర్ దగ్గరాయన అక్క తల మీదుగా నన్ను చూసి "మేడమ్‌కి ఏం కావాలండి?" అన్నాడు. అక్క "మేడమ్‌నే అడగండి, సంతకం పెట్టేది మేడమే" అంది, అని ఊరుకోకుండా "మా తమ్ముడికి ఒక కుర్చీ వేయించండి, వాడు ఎక్కువసేపు నిలబడలేడు" అంది, ఆయన నవ్వేశాడు, జోకేసిందనుకున్నాడు మరి. ఆ కుర్చీ రాలేదు. చెడ్డ మనిషేం కాదు, వెళ్ళేటప్పుడు ర్యాంప్ దగ్గర తలుపు పట్టుకుని కూడా నిలబడ్డాడు, కానీ ఆమె చెయ్యగలిగింది ఆయనకి కనపడలేదు, నేను చెయ్యలేనిది అంతకన్నా కనపడలేదు.

సాయం చేసే ముందు

అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగండి, ఆగడమే అందరూ మర్చిపోయేది. "హెల్ప్ కావాలా?" అంటూనే చెయ్యి పట్టి లాగేవాళ్ళు కొల్లలు, అది అడగడం కాదు, ముందే చెప్పి లాగడం. "వద్దండీ, థాంక్స్" అంటే వద్దనే, మొహమాటపడుతున్నారేమో అని మళ్ళీ రెండుసార్లు బలవంతం చెయ్యక్కర్లేదు, మీరేమీ చిన్నబుచ్చుకోనూ అక్కర్లేదు. "కావాలి" అంటే "ఎలా పట్టుకోమంటారు, ఏం చెయ్యమంటారు" అని రెండో ప్రశ్న అడగండి, ఎందుకంటే వాళ్ళ ఒంటితో, వాళ్ళ కుర్చీతో ఎలా వేగాలో వాళ్ళకే బాగా తెలుసు.

పక్కన తోడు ఎవరున్నా సరే, మాట్లాడాల్సింది ఎవరితో పనో వాళ్ళతోనే. వినపడని మనిషి పక్కన సైన్ ఇంటర్‌ప్రెటర్ (సైగల భాషని మాటల్లోకి మార్చి చెప్పేవాళ్ళు) ఉన్నా అంతే, ఇంటర్‌ప్రెటర్ వైపు తిరిగి "ఆయన్ని అడగండి" అనకూడదు, వినపడని ఆ మనిషి మొహం చూసి నేరుగా "మీరు ఎప్పుడొచ్చారు?" అనాలి.

వీల్‌చెయిర్ అంటే దాన్లో కూర్చున్నవాళ్ళకి ఒంట్లో భాగం లాంటిదే. దాని మీద ఒరగడం, బ్యాగు తగిలించడం, రద్దీలో దారి కోసం కొంచెం పక్కకి నెట్టడం, ఇవన్నీ మీ భుజాలు పట్టుకుని ఎవరో తెలియనివాళ్ళు పక్కకి జరిపినట్టే ఉంటాయి. మెట్ల దగ్గర ఎత్తాల్సి వస్తే మాత్రం ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: చేతులు పెట్టుకునే భాగం, పాదాలు పెట్టుకునే భాగం చాలా కుర్చీలకి ఊడొచ్చేలా ఉంటాయి, నలుగురు ఉత్సాహంగా వాటినే పట్టుకుని పైకి లేపితే అవి చేతిలోకి వస్తాయి, మనిషి కిందికి వస్తారు. కదలని ఫ్రేమ్ ఎక్కడుందో వాళ్ళనే అడిగి పట్టుకోవాలి, ఎవరెటు పట్టుకోవాలో వాళ్ళే చెప్తారు, లేపమనేదాకా లేపొద్దు. పవర్ వీల్‌చెయిర్ అయితే అసలు ఎత్తే ఆలోచనే వద్దు, బ్యాటరీలతో కలిపి విపరీతమైన బరువుంటుంది, వేరే దారి చూడాలి. ఇంకో మాట, వీల్‌చెయిర్లోంచి లేచి రెండడుగులు వేసేవాళ్ళని చూసి "అరే నడుస్తున్నాడే, నాటకం" అనుకోకండి, వీల్‌చెయిర్ వాడేవాళ్ళలో కొద్దిగా నడవగలిగేవాళ్ళు చాలామందే ఉంటారు, కొద్ది దూరం నడవగలరు, బజారంతా తిరగలేరు, అందుకే కుర్చీ.

తెల్ల కర్ర పట్టుకున్నవాళ్ళకి దారి చూపించాలంటే వాళ్ళ చెయ్యి పట్టి లాక్కెళ్ళకూడదు, మీ మోచెయ్యి అందించాలి, వాళ్ళే పట్టుకుంటారు, మీరు అర అడుగు ముందు నడుస్తుంటే మీ ఒంటి కదలికని బట్టి మెట్టు వచ్చిందో మలుపు వచ్చిందో వాళ్ళకి తెలిసిపోతుంది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి పైకా కిందికా చెప్పండి. "అదిగో అక్కడ" అంటే వాళ్ళకేం తెలుస్తుంది, "మీ కుడి చేతివైపు, నాలుగడుగులు" అనండి. వచ్చినప్పుడు పేరు చెప్పండి, "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని గొంతు క్విజ్‌లు పెట్టకండి బాబూ, వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అని చెప్పండి, లేకపోతే ఖాళీ గాలితో మాట్లాడుతుంటారు. తెల్ల కర్ర ఉన్న మనిషి ఫోన్ చూస్తుంటే కూడా అనుమానం అక్కర్లేదు, అంధులుగా లెక్కకొచ్చేవాళ్ళలో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలే ఉంటుంది, అది లేనివాళ్ళకి ఫోనే చదివి వినిపిస్తుంది. కర్ర మీద ఎర్ర పట్టీలు కూడా ఉంటే చాలా దేశాల్లో వాళ్ళకి చూపుతో పాటు వినికిడి కూడా లేదని అర్థం, అలాంటప్పుడు వెనక నుంచి హారన్ కొడుతూ కూర్చుంటే లాభం లేదు.

ఫుట్‌పాత్‌ల మీద, స్టేషన్లలో గీతలు, బొడిపెలు ఉన్న పలకలు వేసుంటాయి, ఎక్కువగా పసుపు రంగువి, చూసే ఉంటారు. అవి 1965లో జపాన్‌లో సెయిచి మియాకె అనే ఆయన కనిపెట్టినవి, 1967లో ఒకాయామాలో అంధుల స్కూల్ దగ్గర మొదటిసారి వేశారు. పొడుగు గీతలుంటే ఇటు నడవొచ్చని, గుండ్రటి బొడిపెలుంటే ఆగు, ముందు ఏదో ఉంది అని. వాటి మీద బండి పార్క్ చేసేవాళ్ళకి చెప్పేదేం లేదు, తీసేయండి అంతే.

వినపడనివాళ్ళతో

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది కనపడే వైకల్యం, కనపడని వైకల్యం రెండింటి మధ్యలో ఉంటుంది. చెవి మెషిన్ పెట్టుకుంటే కళ్ళజోడు పెట్టుకున్నట్టు అంతా సర్దుకుంటుందనుకుంటారు, అలా ఉండదు, మెషిన్ మాటతో పాటు ఫ్యాను చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, అన్నిటినీ పెంచేస్తుంది, గోలలో మాట విడదీసుకోవడం కష్టం. పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అనుకుంటాం, కావాలంటే అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా "పాట", "బాట", "మాట" అనండి, మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. క, గ లాంటివైతే గొంతులో పుట్టి గొంతులోనే ఉంటాయి, పెదాల మీద దాదాపు ఏమీ కనపడవు. అంటే వాళ్ళు సగం చూసి సగం ఊహించి సంభాషణ నడిపిస్తున్నారన్నమాట, సాయంత్రానికి ఆ అలసట ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి పిలవాలంటే ఎదురుగా చెయ్యి ఊపండి, లేదా భుజం మీద మెల్లగా తట్టండి. వెలుతురు మీ మొహం మీద పడేలా నిలబడండి, కిటికీ మీ వెనక ఉంటే మీ మొహం నల్లగా కనపడుతుంది తప్ప పెదాలు కనపడవు. అరవకండి, అరిస్తే నోటి ఆకారం మారిపోతుంది. ఒకసారి అర్థం కాకపోతే అదే వాక్యం ఇంకోసారి అనండి, అప్పటికీ కాకపోతే వేరే మాటల్లో చెప్పండి, లేదా ఫోన్లో టైప్ చేసి చూపించండి. నలుగురున్న చోట ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. ఇక అన్నిటికంటే పెద్ద తప్పు ఏంటంటే, అందరూ పగలబడి నవ్వుతుంటే వాళ్ళు "ఏంటి, ఏమన్నారు?" అని అడుగుతారు చూడండి, అప్పుడు "ఏం లేదులే, తర్వాత చెప్తా" అనడం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. జోకు చచ్చిపోయినా పర్లేదు, మళ్ళీ చెప్పండి.

నత్తి ఉన్నవాళ్ళ మాట మధ్యలో మీరు పూర్తి చెయ్యకండి, "కంగారు పడకు, నిదానంగా చెప్పు" అని కూడా అనకండి, వాళ్ళు కంగారు పడట్లేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తగ్గడం) లాంటివాటి వల్ల మాట స్పష్టంగా లేకపోతే అర్థమైనట్టు తలూపేయడం అవమానం, "ఇంతవరకు అర్థమైంది, ఆ తర్వాతది మళ్ళీ చెప్పండి" అనొచ్చు, ఎవరూ బాధపడరు. మాట తడబడినంత మాత్రాన బుర్ర తడబడినట్టు కాదు. మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్ళతో చిన్న చిన్న వాక్యాల్లో, ఒకసారికి ఒక్క విషయం చొప్పున మాట్లాడండి, అంతేగానీ ముప్పై ఏళ్ళ మనిషి బుగ్గ గిల్లి ముద్దు ముద్దుగా మాట్లాడకండి.

బయటికి కనపడని వాటి దగ్గర

ఇక్కడ ప్రశ్న తిరగబడుతుంది. కనపడేవాళ్ళకి అడక్కుండా సాయం చేసే జనమే, మాలాంటివాళ్ళు నోరు తెరిచి అడిగినా నమ్మరు. "నిన్న బాగానే ఉన్నావుగా?" అనేది నేను ఎక్కువసార్లు విన్న మాట. అవును, నిన్న బాగానే ఉన్నాను, ఈ జబ్బుల తీరే అది, ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండవు, నిన్న బాగున్నందుకే ఇవాళ పడిపోయి ఉండొచ్చు కూడా. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉన్న క్రిస్టీన్ మిజరాండినో అనే ఆవిడ 2003లో దీన్ని స్పూన్ల లెక్కతో చెప్పింది: పొద్దున లేచేసరికి చేతిలో ఇన్నే స్పూన్లు, స్నానానికి ఒకటి, బట్టలు వేసుకోడానికి ఒకటి, బస్సుకి రెండు, అయిపోతే అయిపోయినట్టే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆ లెక్క పెట్టుకునే అవసరమే రాదు. పార్టీకి పిలిస్తే చివరి నిమిషంలో రాలేనన్న ఫ్రెండ్ మీద అలిగే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి, అలాగని ఇంక పిలవడం మానేయకండి, పిలవండి, "రాలేకపోతే ఫర్వాలేదు, ఆ రోజు చూసుకుని చెప్పు" అని ఒక్క ముక్క కలపండి.

అనకూడనివి కొన్ని: "చూస్తే అలా అనిపించదే", "ఈ వయసులో నొప్పులేంటి", "అంతా మనసులోనే ఉంటుంది", "మా వాళ్ళకీ అంతే ఉండేది, వాకింగ్ మొదలుపెట్టాక పోయింది", "మందులు మానేసి చూడు". చివరిది ప్రమాదం కూడా. సలహా అడిగితే ఇవ్వండి, అడక్కపోతే "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగి వినండి చాలు, వినడానికి డాక్టరు డిగ్రీ అక్కర్లేదు.

వికలాంగుల పార్కింగ్‌లో బండి పెట్టి మామూలుగా నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళనీ, రిజర్వ్ సీట్లో కూర్చున్న కుర్రాళ్ళనీ నిలదీయడం కొందరికి సంఘసేవలా ఉంటుంది. గుండె జబ్బుందో, ఊపిరితిత్తుల సమస్యో, పొట్టకి స్టోమా బ్యాగ్ (ఆపరేషన్ తర్వాత మలమో మూత్రమో చేరే సంచి) ఉందో, ప్యాంటు కింద కృత్రిమ కాలుందో మీకెలా తెలుస్తుంది? మోసం చేసేవాళ్ళు ఉండరా అంటే ఉంటారు, పర్మిట్ చెక్ చెయ్యడానికి అక్కడి సిబ్బంది ఉంటారు, అది వాళ్ళ డ్యూటీ. రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరికీ తన మెడికల్ ఫైల్ విప్పి చూపించాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఈ బాధ పడలేకే 2016లో లండన్ దగ్గరి గాట్విక్ ఎయిర్‌పోర్ట్‌లో పొద్దుతిరుగుడు పూలున్న ఆకుపచ్చ మెడ పట్టీ ఒకటి మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల ఎయిర్‌పోర్టుల్లో కనపడుతుంది. ఎవరి మెడలోనైనా అది చూస్తే ఏం జబ్బని అడగక్కర్లేదు, కాస్త టైమివ్వండి, చెప్పేది స్పష్టంగా చెప్పండి. పట్టీ లేనివాళ్ళకి ఏ సమస్యా లేదని మాత్రం అనుకోవద్దు, అందరికీ మెడలో బోర్డు వేసుకుని తిరగాలని ఉండదు.

కొన్నిసార్లు కనపడనిది ఉన్నట్టుండి కనపడుతుంది, అప్పుడు జనం తాగేసి ఉన్నారనుకుని దూరం జరుగుతారు. షుగర్ బాగా పడిపోయిన మనిషికి చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, తిక్కతిక్కగా మాట్లాడతారు, స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర ఇవ్వాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా అంబులెన్స్. మూర్ఛ వచ్చి కొట్టుకుంటుంటే గట్టిగా అదిమి పట్టకండి, నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ ఏదీ పెట్టొద్దు (నాలుక మింగేస్తారన్నది ఉత్త మాట), తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, తగిలే వస్తువులు జరిపి, టైమ్ చూసుకోండి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పండి, 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తేరుకోకముందే ఇంకోటి వచ్చినా, దెబ్బ తగిలినా అంబులెన్స్ పిలవాలి. తేరుకున్నాక చుట్టూ వీడియో తీసే జనం ఉండకుండా చూడ్డం కూడా సాయమే. అన్ని మూర్ఛలూ కింద పడి కొట్టుకునేవి కావు, కొన్నిట్లో మనిషి కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు, పిలిస్తే పలకరు, పొగరు అనుకుంటాం. ఆటిజం ఉన్నవాళ్ళు గోల, లైట్లు ఎక్కువై చెవులు మూసుకుని ఊగుతుంటే చుట్టూ మూగి ప్రశ్నలు వెయ్యకండి, శబ్దం తగ్గించండి, జాగా ఇవ్వండి, ముట్టుకోకండి. పక్కన తల్లి ఉంటే "పిల్లాణ్ణి ఇలాగేనా పెంచేది" అనే మాట మింగేయండి.

పొగడ్తలు

ఇది చెప్తే కొందరికి కోపం వస్తుంది గానీ చెప్తా. మా అక్క ఆఫీసుకెళ్తుంటే "మీరు గ్రేట్ అండీ, మిమ్మల్ని చూస్తే మా కష్టాలెంత అనిపిస్తుంది" అంటారు. తను చేసింది ఏంటి, లిఫ్ట్ బటన్ నొక్కింది. ఆస్ట్రేలియా జర్నలిస్టు, కమెడియన్ స్టెల్లా యంగ్ కూడా వీల్‌చెయిర్ వాడేది, తనకి పదిహేనేళ్ళప్పుడు ఊళ్ళోవాళ్ళెవరో వచ్చి ఈ పిల్లకి ఏదో సాఫల్య పురస్కారానికి పేరు ఇస్తామన్నారట, వాళ్ళమ్మానాన్న "మంచిదే గానీ, ఇది ఇంకా ఏమీ సాధించలేదే" అన్నారట, 2014లో ఒక ప్రసంగంలో ఆవిడే చెప్పింది. తేలిగ్గా చెక్ చేసుకోవాలంటే, అదే పని వైకల్యం లేనివాళ్ళు చేస్తే మీరు పొగుడుతారా? పొగిడితే వీళ్ళనీ పొగడండి, ప్రమోషన్ వచ్చిందా, వంద శాతం పొగడండి. లేకపోతే గుడ్ మార్నింగ్ చాలు. అడక్కుండా ఫొటో తీసి కన్నీళ్ళ ఎమోజీతో పెట్టేవాళ్ళకీ ఇదే మాట.

పిల్లలు అందరి ముందూ గట్టిగా "అమ్మా, ఆ అంకుల్‌కి కాలు లేదేంటి?" అంటే నోరు నొక్కేసి పక్కకి లాక్కెళ్ళొద్దు, అలా లాగితే అదేదో భయపడాల్సిన విషయం అని వాళ్ళకి నేర్పినట్టే. "కొంతమందికి అలా ఉంటుంది నాన్నా, ఆయన కర్రలతో నడుస్తారు" అని మామూలు గొంతుతో చెప్పేసి, ఆయన ఇటు చూస్తుంటే నవ్వి పలకరించండి. ఎలా పోయింది అన్న కథ మాత్రం ఆయన చెప్తే వినాలి, మనం అడక్కూడదు.

ఆఫీసుల్లో, స్కూళ్ళలో

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 8వ ఆర్టికల్ పూర్తిగా జనం వైఖరి మార్చడం గురించే, ర్యాంపులు కట్టినంత మాత్రాన అయిపోదని వాళ్ళకీ తెలుసు. దీని పేరుతో డిసెంబర్ 3, అంటే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం, రాగానే కొన్ని చోట్ల అందరికీ కళ్ళకి గంతలు కట్టి, వీల్‌చెయిర్లలో కూర్చోబెట్టి "ఇప్పుడు వాళ్ళ బాధ తెలిసిందా" అంటారు. నాకు ఇది అస్సలు నచ్చదు. గంతలు కట్టుకున్నవాళ్ళకి తెలిసేది కొత్తగా చూపు పోయిన మొదటి గంట ఎలా ఉంటుందో మాత్రమే, ఏళ్ళ తరబడి అలవాటైన మనిషి ఎంత చాకచక్యంగా బతుకుతారో అస్సలు తెలీదు, జాలి, భయం మాత్రం ఇంటికి తీసుకెళ్తారు. కాలేజీ స్టూడెంట్ల మీద చేసిన ఇలాంటి ప్రయోగాల గురించి 2017లో వచ్చిన స్టడీలో కూడా వాళ్ళకి బెరుకు, నిస్సహాయత పెరిగాయి గానీ వైకల్యం ఉన్నవాళ్ళతో కలిసిమెలిసి ఉండే విషయంలో వైఖరి మెరుగవలేదు. దానికి బదులు వైకల్యం ఉన్న ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, డబ్బులిచ్చి, మీ బిల్డింగు, మీ వెబ్‌సైటు, మీ మీటింగులు చూపించి ఏది అడ్డొస్తుందో చెప్పమనండి, చెప్పింది సరిచెయ్యండి.

మీ టీమ్‌లో ఎవరైనా "నాకు ఫలానా సమస్య ఉంది" అని చెప్పుకుంటే అది మీకు చెప్పిన మాట, టీమ్ మొత్తానికి కాదు. "పని చెయ్యడానికి ఏముంటే వీలుగా ఉంటుంది?" అని అడగండి, చాలాసార్లు అది చిన్నదే అవుతుంది, చెప్పింది మెయిల్‌లో కూడా రాసివ్వడం, గంట లేటుగా మొదలుపెట్టడం, నిశ్శబ్దంగా ఉండే మూల సీటు. ఇచ్చాక పక్కవాళ్ళు "వాడికేంటి స్పెషల్" అంటే "అది నేను చూసుకున్నాను" అని అక్కడితో ఆపేయాల్సింది మేనేజరే, ఆ మనిషి చేత సంజాయిషీ చెప్పించకండి.

ఇక మీరు పక్కన నిలబడి ఉండగా వేరేవాళ్ళెవరో ఒకర్ని నిలదీస్తుంటే, ఉదాహరణకి క్యూలో "ఏం బాబూ, కాళ్ళు బాగానే ఉన్నాయిగా, లే" అంటుంటే, మీరు దూకి ఆ మనిషి తరఫున ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, వాళ్ళ జబ్బు గురించి ఊహించి చెప్పడమూ వద్దు. నిలదీసే ఆయనతో "ఆయన అవసరం ఆయనకుంటుంది లెండి, కావాలంటే నా చోటు తీసుకోండి" అనండి, మామూలు గొంతుతోనే. తర్వాత కూర్చున్నాయన వైపు తిరిగి "బానే ఉన్నారా?" అని అడగండి, ఆ అంటే వదిలేయండి.